ఆరు గంటల నాట్యం, ఒక హామీ పుస్తకం: పిల్లలు నడిపే స్పాన్సర్డ్ డ్యాన్స్‌కు సమగ్ర మార్గదర్శి

తొమ్మిది, పది, ఇంటర్ చదివే పిల్లలు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతుంటారు. "మేము కొంతమందిమి కలిసి డ్యాన్స్ చేసి ఒక మంచి పనికి డబ్బు పోగు చేద్దామనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెబుతూ వచ్చిన జవాబంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

స్పాన్సర్డ్ డ్యాన్స్ అంటే టికెట్టు పెట్టి చూపించే ప్రదర్శన కాదు. పిల్లలు ఇన్ని గంటలు ఆగకుండా ఆడతామని ముందే మాట ఇస్తారు. తెలిసినవాళ్లు "మీరు ఆడిన ప్రతి గంటకూ ఇంత ఇస్తాం" అని హామీ ఇస్తారు. ఆట ముగిశాక ఆ డబ్బు వసూలు చేసి, అనుకున్న పనికి అప్పగిస్తారు.

ఇందులో నాట్యం సులువైన భాగం. మాట తీసుకోవడం, వసూలు చేయడం, లెక్క చెప్పడం కష్టమైన భాగం. అందుకే ఈ వ్యాసంలో చాలా చోటు నోటుపుస్తకానికే ఇచ్చాను. ఉదాహరణకు 24 మంది పిల్లలు, ఆరు గంటలు, ఒక కాలనీ కమ్యూనిటీ హాలు అనుకుందాం. మీ సంఖ్యలు మీరు మార్చుకోండి.

1. ముందుగా తేల్చుకోవలసినవి

మొదట ఎవరి కోసమో తేల్చండి. "పేద పిల్లల కోసం" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "మన వీధి చివరి ప్రభుత్వ ఉన్నత పాఠశాల గ్రంథాలయానికి రెండు బీరువాలు, వాటిలోకి పుస్తకాలు" అంటే ఇచ్చేవారికి కళ్లముందు కనిపిస్తుంది. ఆ పని కావలసినవారితో ముందే మాట్లాడండి. పాఠశాల అయితే ప్రధానోపాధ్యాయుల దగ్గరకు వెళ్లి, వాళ్లకు నిజంగా ఏం కావాలో అడిగి రాసుకోండి. బీరువాలు ఇద్దామని వెళితే, ఫ్యాన్లు లేక పిల్లలు గ్రంథాలయం గదిలో కూర్చోలేకపోతున్నారని తెలియవచ్చు.

తరువాత ఎన్ని గంటలో తేల్చండి. అమెరికాలో పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఏటా 46 గంటల పాటు కూర్చోకుండా, నిద్రపోకుండా నిలిచే డ్యాన్స్ మారథాన్ నడుపుతారు. అక్కడ చదివే మన తెలుగు విద్యార్థులు పంపిన వీడియోలు చూసి ఇక్కడి పిల్లలు ఉత్సాహపడతారు. దాన్ని అనుకరించవద్దు. వాళ్లు పెద్దవాళ్లు, వెనుక పెద్ద యంత్రాంగం ఉంది. పద్దెనిమిదేళ్ల లోపువారికి పగటిపూట ఆరు గంటలు, అదీ జట్లుగా వంతులు వేసుకుని ఆడటం సరిపోతుంది.

పూర్తి బాధ్యత తీసుకునే పెద్దలు కనీసం ఇద్దరు ఉండాలి. వారిలో ఒకరు తప్పనిసరిగా మహిళ అయి ఉండాలి. ఒకరు పిల్లల ఆరోగ్యం చూస్తే, మరొకరు డబ్బు చూస్తారు. రెండు పనులూ ఒక్కరి నెత్తిన పెట్టవద్దు.

2. తేదీ, స్థలం

పని మొదలుపెట్టిన రోజు నుంచి కనీసం ఆరు వారాల గడువు పెట్టుకోండి.

ఫిబ్రవరి నుంచి పరీక్షల కాలం. ఏప్రిల్, మే నెలల ఎండల్లో ఈ ఆలోచనే వద్దు. కోస్తాలో అక్టోబరు, నవంబరు నెలల్లో వానల భయం ఉంటుంది. డిసెంబరు మొదలుకొని సంక్రాంతి సెలవులకు ముందు వరకు అనువైన కాలం. కార్తీక మాసంలో పెట్టాలనుకుంటే ఆదివారాలు వదిలేయండి. ఊరంతా వనభోజనాలకు వెళ్లిపోతుంది, మీ స్పాన్సర్లు కూడా అక్కడే ఉంటారు. రెండో శనివారం చూసుకోండి.

స్థలం నీడలో ఉండాలి. హాలు దొరక్కపోతే షామియానా వేసిన ఆవరణ చాలు. చూడటానికి వెళ్లినప్పుడు చెప్పులు విప్పి, నేల మీద పది నిమిషాలు ఆడి చూడండి. నునుపు గ్రానైట్ మీద చెమట చుక్క పడితే కాలు జారుతుంది. తివాచీ పరిస్తే మూడో పాటకే ముడతలు పడి బొటనవేలు తట్టుకుంటుంది. గరుకుగా ఉన్న షాబాదు బండలో, చదునైన సిమెంటు నేలో మేలు. ఆరుబయట సిమెంటు నేల అయితే మధ్యాహ్నం రెండింటికి ఎండ ఏ మూలకు వస్తుందో ఆ సమయానికే వెళ్లి చూసి రండి.

3. అనుమతులు

కాలనీ సంఘానికో, అపార్ట్‌మెంట్ కమిటీకో రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు మీద సంతకం తీసుకోండి. పురపాలక సంఘం స్థలమైతే అక్కడి అనుమతి, మైకు పెడితే స్థానిక పోలీసు స్టేషన్ అనుమతి కావాలి. అర్జీ పెద్దల పేరుతోనే ఉండాలి.

ధ్వని కాలుష్య నియమాలు 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్, అంటే దాదాపు మామూలు మాటల స్థాయి. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల వరకు నిశ్శబ్ద మండలం కావచ్చు. అందుకే స్పీకర్లను హాలు లోపలి వైపుకు తిప్పి పెట్టండి. పక్కింట్లో నెలల పాప, మంచం పట్టిన పెద్దాయన ఉంటే నాలుగు రోజుల ముందే స్వయంగా వెళ్లి చెప్పి రండి.

సినిమా పాటల రికార్డులను బహిరంగ కార్యక్రమంలో వినిపించడానికి పాటల హక్కుల సంస్థల లైసెన్సు అవసరం కావచ్చు. హాలు యాజమాన్యానికి అది ఉందో లేదో అడగండి. తప్పెట, డోలు, మృదంగం, నోటితో పాడే జానపదాలు, కోలాటం పాటలు కొన్ని గంటలైనా ఉండేలా చూసుకుంటే ఈ చిక్కు తగ్గుతుంది. ఆట కూడా బాగా రక్తి కడుతుంది.

4. హామీ పుస్తకం: అసలు పని ఇదే

మా కాలనీలో మొదటిసారి చేసినప్పుడు ఒక అమ్మాయి పుస్తకంలో "తాతగారు, 50" అని రాసి ఉంది. ఆట ముగిశాక ఆ పాప గంటకు 50 చొప్పున 300 లెక్క వేసుకుని వెళ్లింది. తాతగారు మొత్తం యాభైయే అనుకున్నారు. ఆయన నొచ్చుకుంటూనే 300 ఇచ్చారు కానీ, ఆ పాప మళ్లీ వాళ్ల ఇంటి గడప తొక్కడానికి చాలాకాలం మొహమాటపడింది. గీత గీసి రెండు గడులు పెట్టి ఉంటే ఆ ఇబ్బందే వచ్చేది కాదు.

ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ ఒక చిన్న నోటుపుస్తకం ఇవ్వండి. పేజీలకు నంబర్లు వేయండి. ప్రతి పేజీలో ఈ గడులు ఉండాలి:

- వరుస సంఖ్య, తేదీ
- దాత పూర్తి పేరు, ఫోను నంబరు
- గంటకు ఎంత
- లేదా మొత్తంగా ఎంత (ఈ రెండింటిలో ఒకటే నింపాలి, రెండోది అడ్డంగా కొట్టేయాలి)
- ఆరు గంటలూ పూర్తయితే అయ్యే మొత్తం
- దాత సంతకం
- అందిన తేదీ, నగదా ఫోను చెల్లింపా, రశీదు నంబరు

అయ్యే మొత్తాన్ని దాత ముందే లెక్కకట్టి, పైకి చదివి వినిపించండి. "గంటకు 20 రూపాయలు, ఆరు గంటలకు 120 అవుతుందండీ" అని చెప్పాకే సంతకం అడగాలి. పుస్తకం మొదటి పేజీలో ఎవరి కోసం సేకరిస్తున్నారో, బాధ్యులైన పెద్దల పేర్లు, ఫోను నంబర్లు రాయండి.

గంట అంటే ఏమిటో కూడా అక్కడే రాయాలి. ఒక్కో పిల్ల ఆరు గంటలూ ఆడదు, ఆడకూడదు. "మా నాలుగు జట్లలో ఎవరో ఒకరు ఎప్పుడూ వేదికపై ఉంటారు, అలా ఆగకుండా సాగిన ప్రతి గంటకూ" అన్న వాక్యం స్పష్టంగా ఉండాలి. పిల్ల తనకు తానుగా ఆరు గంటలు ఎగురుతుందని అనుకుని హామీ ఇచ్చినవారు తరువాత మోసపోయామని అనుకోకూడదు.

ఇక లక్ష్యం లెక్క. ఒక్కొక్కరికి ఎనిమిది మంది స్పాన్సర్లు దొరికారనుకోండి. నలుగురు గంటకు 10, నలుగురు గంటకు 20 ఇస్తామన్నారు. అప్పుడు ఆరు గంటలకు 240, 480 కలిపి 720 రూపాయలు. 24 మందికి 17,280. లక్ష్యాన్ని ఈ మొత్తం కన్నా తక్కువగానే ప్రకటించండి, హామీలన్నీ చేతికి రావు.

5. ఎవరిని, ఎలా అడగాలి

మొదట ఇంట్లోవాళ్లు, తరువాత బంధువులు, ఆపై ఇరుగుపొరుగు. తెలియని ఇళ్ల తలుపులు తట్టవద్దు. ఇరుగుపొరుగు ఇళ్లకైనా ఇద్దరిద్దరుగా, చీకటి పడకముందే వెళ్లాలి.

చాలామంది పిల్లలు గుమ్మంలో నిలబడి నీళ్లు నములుతారు. నాలుగు మాటలు ముందే సిద్ధం చేసుకుంటే ఆ బెరుకు పోతుంది:

"అత్తయ్యా, డిసెంబరు రెండో శనివారం మేము 24 మందిమి జట్లుగా వంతులు వేసుకుని ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు ఆగకుండా డ్యాన్స్ చేస్తున్నాం. వచ్చిన డబ్బుతో మన హైస్కూలు గ్రంథాలయానికి బీరువాలు కొంటాం. మీరు గంటకు పది రూపాయలైనా రాస్తారా? డబ్బు ఇప్పుడు వద్దు, ఆట అయ్యాక వస్తాం."

"ఇప్పుడు కాదమ్మా" అన్నవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి. రెండోసారి అడగవద్దు. ఎవరు ఎంత ఇచ్చారో వాట్సాప్ గ్రూపుల్లో పోల్చి చూపడం, పెద్ద మొత్తాల జాబితా పెట్టడం చేయకండి. పది రూపాయలు రాసిన ఇంటి పనమ్మ కూడా మీ స్పాన్సరే, ఆమెకూ అదే రశీదు, అదే కృతజ్ఞత.

దుకాణాల దగ్గర డబ్బుకు బదులు వస్తువులు అడగండి. మిఠాయి దుకాణం మజ్జిగ ఇవ్వవచ్చు, మందుల దుకాణం ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, కట్లు ఇవ్వవచ్చు. అలా ఖర్చులు వస్తురూపంలో తీరిపోతే, హామీల్లోంచి రూపాయి కూడా తీయనవసరం ఉండదు. గుట్కా, మద్యం, పందెం యాప్‌ల ప్రకటనదారులు ఎంత ఇస్తామన్నా వద్దనండి.

6. డబ్బు ఎవరి ఖాతాలోకి?

పిల్లల సొంత ఖాతాలోకి కాదు. వీలైతే నేరుగా లబ్ధి పొందే సంస్థ ఖాతాకే క్యూఆర్ కోడ్ పెట్టించండి. కుదరకపోతే కాలనీ సంఘం ఖాతా వాడండి. ఎవరో ఒక పెద్దమనిషి సొంత ఖాతా వాడాల్సి వస్తే, వేరే లావాదేవీలు జరగని ఖాతా తీసుకోండి. ఇంటి సరుకుల చెల్లింపులూ మీ హామీలూ కలిసిపోతే లెక్క తేల్చడం నరకం.

ఆదాయపు పన్ను మినహాయింపు కోసం, అంటే అందరూ 80జి అని పిలిచే దాని కోసం, దాతలు అడుగుతారు. సంస్థకు ఆ గుర్తింపు ఉంటేనే అది వర్తిస్తుంది. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి అది రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికీ రాదు. తెలియకుండా మాట ఇవ్వకండి.

విదేశాల్లో ఉన్న పెద్దనాన్న, పిన్ని కూడా పంపుతామంటారు. వారు భారత పౌరులుగానే ఉండి సొంత పొదుపులోంచి పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారి డబ్బు మాత్రం విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. ఆప్యాయంగా ఇస్తామన్నవారికి ఈ సంగతి మర్యాదగా చెప్పండి.

7. జట్లు, గంటల పట్టిక

24 మందిని ఆరుగురు చొప్పున నాలుగు జట్లు చేయండి. ప్రతి గంటలో ఒక్కో జట్టు 15 నిమిషాలు ఆడి, 45 నిమిషాలు విశ్రాంతి తీసుకుంటుంది. ఆరు గంటల్లో ఒక్కొక్కరు ఆడేది గంటన్నర. పాట ఆగకుండానే జట్టు మారాలి. దిగే జట్టు ఆడుతుండగానే ఎక్కే జట్టు వెనుక వరుసలో చేరి అడుగు కలపాలి. ఈ మార్పిడిని రెండు రోజులు సాధన చేయించండి. సాధన చేయకపోతే అక్కడే గొలుసు తెగుతుంది.

క్రమం ఇలా ఉంటే బాగుంటుంది:

- 9.30: ఒళ్లు సాగదీసే వ్యాయామం. చీలమండలు, మోకాళ్లు, నడుముపై శ్రద్ధ
- 10 నుంచి 11: శాస్త్రీయ నృత్యం, నెమ్మది అడుగులు
- 11 నుంచి 12: సినిమా పాటలు
- 12 నుంచి 1.30: జానపదాలు. దిగిన జట్టు దిగినట్టే కాసేపు ఆగి భోజనానికి వెళుతుంది
- 1.30 నుంచి 3: కోలాటం
- 3 నుంచి 4: పిల్లలకు నచ్చిన వేగమైన పాటలు

అన్నిటికన్నా గడ్డు సమయం రెండు గంటల ప్రాంతం. తిన్న మత్తు, ఖాళీ కుర్చీలు, కాళ్ల నొప్పులు అన్నీ అప్పుడే కలిసివస్తాయి. కోలాటాన్ని అక్కడ పెట్టింది అందుకే. వలయంలో నిలబడితే పక్కవాడి కోల మీ కోల కోసం వస్తుంది కాబట్టి నీరసంగా ఉన్నా చేయి లేస్తుంది. చాలా కాలనీల్లో, ఆలయాల్లో కోలాటం నేర్చుకునే అమ్మలు, అత్తయ్యల బృందాలున్నాయి. ఆ గంటన్నరకు వారిని పిలవండి, పిల్లలతో కలిసి ఆడతారు.

కోలలను వారం ముందే తీసి చూడండి. చివర్లు కొట్టుకుని పీచు లేచి ఉంటుంది. వేలితో తడిమితే గుచ్చుకునే చోట్లన్నీ గరుకు కాగితంతో రుద్దండి. పట్టుకునే వైపు నూలు గుడ్డ పేలిక బిగించి చుడితే చెమటకు చేతిలోంచి జారి ఎదుటివారి ముఖానికి తగలదు. గజ్జెలు కట్టుకునేవారు తాళ్లు కొత్తవి వేయించుకోవాలి. తాడు తెగి ఒక్క గజ్జె నేలపై పడినా, దానిపై కాలేసిన పిల్ల పడిపోతుంది.

8. ఒంటి సంగతి

తల్లిదండ్రుల సంతకంతో ఒక పత్రం తీసుకోండి. అందులో ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, మధుమేహం, పాత గాయాలు, పడని ఆహారం, వాడే మందులు, అత్యవసర ఫోను నంబరు ఉండాలి. ఫొటోలు తీయడానికి, బయట పెట్టడానికి అంగీకారం విడిగా అడగండి. "వద్దు" అన్నవారి పిల్లలకు చేతికి రంగు దారం కడితే ఫొటో తీసేవారికి గుర్తుంటుంది.

ఏ పిల్ల అయినా "ఈ వంతు నేను ఆడను" అంటే కారణం అడగకూడదు. నెలసరి కావచ్చు, తలతిరుగుడు కావచ్చు. జట్టుకు ఒకరు చొప్పున అదనపు పిల్లలను సిద్ధంగా ఉంచితే ఎవరూ సంజాయిషీ చెప్పుకోనవసరం లేదు. ఆడపిల్లలకు తలుపు గడియ పడే బట్టలు మార్చుకునే గది తప్పనిసరి.

ప్రతి వంతు తరువాత ఒక గ్లాసు నీళ్లో, ఉప్పు వేసిన మజ్జిగో తాగించండి. దాహం వేసేదాకా ఆగవద్దు. భోజనానికి పెరుగన్నం, కొద్దిగా పులిహోర, అరటిపండు చాలు. బిర్యానీ సాయంత్రం నాలుగు తరువాత పెట్టండి.

ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్లు కొనేటప్పుడు లేబులు చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదే ఓఆర్‌ఎస్. ఆ సూత్రం పాటించని తీపి పానీయాలపై ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల పోరాటం ఉంది. ప్యాకెట్లు అందకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు సమతల టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపండి.

తల తిరగడం, వాంతి, ఛాతీలో నొప్పి, మాట తడబడటం కనిపిస్తే ఆ పిల్లను వెంటనే ఆట ఆపించి నీడలో పడుకోబెట్టండి, 108కి ఫోను చేయండి. గొలుసు తెగుతుందని చూడవద్దు.

9. ఆ రోజు దగ్గర పెట్టుకోవలసినవి

- అనుమతి పత్రాల నకళ్లు
- తల్లిదండ్రుల పత్రాలు, జట్ల జాబితా
- పాటల వరుస రెండు ఫోన్లలో (ఇంటర్నెట్ లేకపోయినా పనిచేసేలా)
- కరెంటు పోతే వాయించడానికి డప్పో, డోలో
- ప్రథమ చికిత్స పెట్టె, మంచు ముక్కలు, సాగే గుడ్డ కట్టు
- తడి తుడిచే పొడి గుడ్డలు, తుడిచే మనిషి
- గంటల పట్టిక రాసిన నల్లబల్ల. ప్రతి గంట ముగిశాక బయటి వ్యక్తి ఒకరు దానిపై సంతకం చేయాలి

ఆ చివరి సంతకం ముఖ్యం. గంటలు నిజంగా సాగాయనడానికి రుజువు అదే. దాని ఫొటో తీసి ఉంచండి.

10. తరచూ జరిగే పొరపాట్లు, సవరణలు

*గొలుసు తెగింది.* కరెంటు పోయో, జట్టు ఆలస్యమయ్యో ఐదు నిమిషాలు ఖాళీ వచ్చింది. దాచవద్దు. నల్లబల్లపై రాసి, చివరలో ఆ ఐదు నిమిషాలు కలిపి ఆడండి. స్పాన్సర్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

*ఉదయం కిటకిట, మధ్యాహ్నం ఖాళీ.* చూడటానికి వచ్చేవారికి వేర్వేరు సమయాలు చెప్పి పిలవండి. తాతయ్యలు, అమ్మమ్మలను రెండింటికి పిలిస్తే కోలాటానికి చప్పట్లు వాళ్లే కొడతారు.

*బాగా ఆడేవారే ముందు వరుసలో.* రాని పిల్లలు రెండో గంటకే ముఖం ముడుచుకుంటారు. ప్రతి జట్టులో అన్ని స్థాయిలవారినీ కలపండి, ముందు వరుసను వంతులవారీగా మార్చండి. ఇది పోటీ కాదు, బహుమతులు పెట్టవద్దు.

*ఆట రోజునే నగదు చేతులు మారడం.* అక్కడికక్కడ ఇస్తామనేవారి కోసం తాళం వేసిన డబ్బా పెట్టండి. డబ్బాను ఇద్దరు పెద్దల ముందే తెరిచి లెక్కించాలి.

11. వసూలు, అప్పగింత

ఆట రాత్రే ప్రతి స్పాన్సరుకూ ఒక సందేశం వెళ్లాలి: "ఆరు గంటలూ పూర్తయ్యాయి. మీరు రాసింది గంటకు 20, మొత్తం 120. మంగళవారం సాయంత్రం వస్తాను." వేడి చల్లారకముందు అడిగితే సంతోషంగా ఇస్తారు. నెల గడిచాక అడిగితే అప్పు వసూలుకు వచ్చినట్టు ఉంటుంది.

వసూలుకు పది రోజుల గడువు పెట్టుకోండి. గుర్తుచేయడం ఒక్కసారే. ఆ తరువాతా రాకపోతే పుస్తకంలో "రాలేదు" అని రాసి వదిలేయండి, ఆ పేరు ఎక్కడా బయటపెట్టకండి. నగదు తీసుకున్న వెంటనే రశీదు చింపి ఇవ్వాలి. పిల్లలు ఏ రోజు డబ్బు ఆ రోజే పెద్దలకు అప్పగించి, తమ పుస్తకంలో వారి సంతకం తీసుకోవాలి.

పదకొండో రోజున 24 పుస్తకాలూ ఒక బల్ల మీద పెట్టుకుని కూర్చోండి. రశీదుల మొత్తం, ఖాతాలో పడింది, డబ్బాలో దొరికింది కలిపి చూడండి. లెక్క పిల్లలే వేయాలి, పెద్దలు సరిచూడాలి. తేడా వస్తే వెతకండి. దొరక్కపోతే ఎంత తేడా ఉందో జమాఖర్చులోనే రాయండి.

ఆ జమాఖర్చును ఒకే కాగితంపై రాసి కాలనీ నోటీసు బోర్డులో అతికించండి: హామీ ఎంత, అందింది ఎంత, ఖర్చు ఎంత, అప్పగించింది ఎంత. వస్తువులు కొని ఇస్తే బిల్లు పాఠశాల పేరుతో తీసుకుని, ముట్టినట్టు ప్రధానోపాధ్యాయుల సంతకం, ముద్రతో పత్రం తీసుకోండి. దాని నకలును జమాఖర్చు పక్కనే పెట్టండి.

బీరువాలు వచ్చిన రోజున పిల్లలందరూ గ్రంథాలయానికి వెళ్లి, పుస్తకాలు తామే సర్ది రావాలి. అక్కడ తీసిన బీరువా ఫొటోను ప్రతి స్పాన్సరుకూ పంపండి. పది రూపాయలు రాసిన పనమ్మకు ఫోను లేకపోతే ప్రింటు తీసి చేతికి ఇచ్చి రండి.